పర్లాకిమిడి పంతులుగారు

ఉగాదినాడు పంచాంగ శ్రవణం ముగిసి, వేపపూత పచ్చడి నోట వేసుకొన్న తరువాత ప్రవాసాంధ్ర సంఘాలలో చాలాచోట్ల ఒక ముచ్చట జరుగుతుంది. చదువులో ముందు నిలిచి, తోటి పిల్లలను కూడా వెంటబెట్టుకొని నడిచిన బాలబాలికలకు బహుమతులిస్తారు. ఒకే బడిని అంటిపెట్టుకొని తల నెరిసేదాకా పాఠాలు చెప్పిన అయ్యవార్లకు శాలువ కప్పి నమస్కరిస్తారు. తాతల నాటినుంచి ఇతర రాష్ట్రాలలో కాపురముంటున్న మనకు ఈ సత్కారాలు వట్టి లాంఛనాలు కావు. మన ఇండ్లలో తెలుగు మాట ఎంత వినిపించినా, మన పిల్లలకు తెలుగు అక్షరం నిలిచేదీ పోయేదీ బడిలోనే గదా!

అందుచేత ఈ ఉగాది సంచికలో ఒక అయ్యవారి జీవితకథ చెప్పుకోవడం బాగుంటుందని తలచాము. వారు శ్రీ గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వారి పేరు వినని తెలుగువారు అరుదు. వారు పుట్టిన ఆగస్టు 29వ తేదీని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. వాడుక భాషకు పీట వేయించిన మహనీయుడని వారిని కీర్తిస్తున్నాము. కాని వారు ముప్పదేండ్లు బడిపంతులుగా పనిచేశారనీ, ఆ బడి ఉన్న ఊరు నేడు ఒడిశాలో ఉన్నదనీ, తెలుగు కోసం వాదానికి దిగడానికి ముందే మరొక జాతివారి భాష కోసం పాటుపడ్డారనీ మనలో ఎందరికో గుర్తుండదు. మనవంటి వారికి అన్నిటికంటె పనికివచ్చే సంగతులు అవే.

శ్రీకాకుళానికి ఉత్తరాన వంశధారా నదీతీరంలో శ్రీముఖలింగమనే పుణ్యక్షేత్రం ఉన్నది. దానికి చేరువలోని పర్వతాలపేట గ్రామంలో 1863 ఆగస్టు 29న వీర్రాజు, వెంకమ్మ దంపతులకు రామమూర్తిగారు జన్మించారు. తండ్రిగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. వారికి చోడవరం బదిలీ అయింది. అక్కడ విషజ్వరం తగిలి 1875లో కాలం చేశారు. అప్పటికి బాలుడికి పన్నెండేండ్లు. పెద్దదిక్కు పోయిన ఆ పిల్లవాడు విజయనగరంలో మేనమామగారి ఇంట చేరి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొన్నాడు.

ఆ రోజులలో విజయనగరం విద్యలకు పెట్టినది పేరు. చీపురుపల్లి ప్రాంతంనుంచి చదువుకోసం వచ్చిన మరొక పేద విద్యార్థి అక్కడనే ఉన్నాడు. ఆ విద్యార్థికి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు తమ ఇంటనే భోజనమూ వసతీ ఏర్పాటు చేశారు. ఆ విద్యార్థియే గురజాడ అప్పారావుగారు. వయస్సులో ఏడాది తేడా గల రామమూర్తీ, అప్పారావూ స్నేహితులైనారు. తెలుగుభాష గతిని మార్చిన ఇద్దరు మహాపురుషులు ఒకే బడిలో పెరగడం కాకతాళీయం కావచ్చును. కాని అటువంటి పిల్లలకు అన్నంపెట్టి, పుస్తకమిచ్చి, నిలబెట్టిన గురువులు ఆ బడిలో ఉండడం కాకతాళీయం కాదు. పిల్లలలో నాయకత్వం దానంతటది మొలవదు. నీరుపోసే చెయ్యి ఒకటి వెనుక ఉండాలి.

1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషను ప్యాసైనారు. మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారం పిల్లలకు పాఠాలు చెప్పే పని దొరికింది. పదిహేడేండ్ల కుర్రవాడు తనకంటె నాలుగైదేండ్లు చిన్నవారైన పిల్లల ముందు కుర్చీలో కూర్చున్నాడన్నమాట. సంసార భారం మీద ఉన్నందున కళాశాలకు పోయి చదివే యోగం లేదు. పగలు పాఠాలు చెప్పుతూ, మిగిలిన వేళలలో తానే చదువుకొంటూ 1886లో ఎఫ్.ఎ., 1896 నాటికి బి.ఎ. పరీక్షలు నెగ్గారు. చరిత్ర ప్రధాన విషయంగా తీసుకొని మొదటి తరగతిలో, రాష్ట్రానికంతటికీ రెండవవారుగా వచ్చారు. ఇంతలో రాజావారి ఉన్నత పాఠశాల కళాశాల అయింది. మొదటి ఫారం పంతులుగారు కళాశాల తరగతులకు చరిత్ర చెప్పే అధ్యాపకులైనారు. పదహారేండ్లపాటు పంతులుగా ఉంటూనే విద్యార్థిగా కూడా ఉన్న వారి ఓర్పును మన యువకులు గమనించాలి.

చరిత్ర అంటే ఆయనకు పుస్తకంలోని రాజుల జాబితా కాదు. శ్రీముఖలింగ దేవాలయంలో గోడలనిండా, స్తంభాలనిండా శాసనాలున్నవి. వాటి లిపి నాటి అక్షరం చదివినవారికి అంతుపట్టదు. రామమూర్తిగారు గురువు లేకుండానే ప్రాచీన లిపులను పట్టుదలతో అభ్యసించి ఆ శాసనాలను చదివారు. తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. ఆ వంశానికి చెందిన వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. ఒక మారుమూల పట్టణంలోని బడిపంతులు పండిత లోకానికి తెలియడం అప్పుడే మొదలైంది. తన కాలికింది నేలను, తన చెవిని పడే మాటను విడిచి దూరాన ఉన్నదానికోసం వెదకకపోవడం వారి స్వభావం. ఆ స్వభావమే వారిని సవరల దగ్గరకు నడిపించింది.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. నేడు వారు ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను, ఆంధ్రప్రదేశంలోని శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలోను విస్తరించి ఉన్నారు. వారు కొండలు దిగి పల్లానికి వచ్చినప్పుడు అక్కడి వర్తకుల భాష వారికి రాదు, వారి భాష వర్తకులకు రాదు. లెక్కా డొక్కా తెలియనందున మోసపోవడం పరిపాటి. వారిని మనుష్యులుగా ఎంచినవారే తక్కువ. వారికి చదువు చెప్పాలని రామమూర్తిగారు సంకల్పించారు. అయితే ఏ భాషలో చెప్పాలి? కొండమీది పిల్లవాణ్ణి తెచ్చి తెలుగు బడిలోనో ఒడియా బడిలోనో కూర్చోబెడితే వాడు మొదట రాని భాషను నేర్చుకోవాలి. ఆ తరువాత ఆ భాషలో పాఠం నేర్చుకోవాలి. రెండు బరువులు ఒక్కసారి ఎత్తలేక ఆ పిల్లవాడు బడి మానుకొంటాడు. పిల్లవాడు పంతులు భాష నేర్చుకోవడం కాదు, పంతులే పిల్లవాడి భాష నేర్చుకోవాలని రామమూర్తిగారు నిశ్చయించుకొన్నారు.

ఇది చెప్పినంత సులభమైన పని కాదు. సవర భాషకు నాడు లిపి లేదు. వ్యాకరణం లేదు. నిఘంటువు లేదు. తెలుగుకూ ఒడియాకూ దానికీ చుట్టరికం లేదు. అది ముండా భాషల కుటుంబానికి చెందినది. మాట మధ్యలో గొంతు చటుక్కున మూసి తెరచినట్లు పలికే శబ్దమొకటి దానిలో ఉన్నది. దానికి మన అక్షరమాలలో గుర్తు లేదు. లెక్కపెట్టే తీరు సైతం వేరు. మనం పదిమీద ఎక్కించి పదకొండు, పన్నెండు అంటాము. సవరలు పన్నెండుదాకా వేరువేరు పేర్లతో లెక్కించి, ఆపైన పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు అని పోతారు. ఇరవై వచ్చేసరికి మరల క్రొత్త మెట్టు. ఇట్టి లెక్కతో పెరిగిన పిల్లవాడికి మన ఎక్కాల పుస్తకం చేతికిచ్చి, వాడికి తెలివి లేదనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని రామమూర్తిగారు తమ ఇంటనే ఉంచుకొని, మాట మాట అడిగి నేర్చుకొన్నారు. సెలవు దొరికినప్పుడు కొండలెక్కి సవర పల్లెలలో తిరిగారు. వారి కథలు, పాటలు వ్రాసుకొన్నారు. సవర పిల్లలను ఇంట పెట్టుకొని భోజనం పెట్టి చదువు చెప్పారు. కుల కట్టుబాట్లు బిగువుగా ఉన్న ఆ కాలంలో ఒక బ్రాహ్మణ గృహస్థు ఇట్లా చేయడానికి ఎంత గుండెబలం కావాలో, ఆ ఇంటి ఇల్లాలు ఎంత ఓర్పు వహించి ఉండాలో మనం ఊహించుకోవచ్చును. సవరలో వాచకాలు తయారుచేశారు. సొంత సొమ్ముతో బడులు పెట్టి, వాటిలోని ఉపాధ్యాయుల జీతాలు తామే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వంవారు వారి కృషికి మెచ్చి పారితోషికం ఇవ్వబోగా, దానిని తాము తీసుకొనక, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టించవలసినదని కోరినట్లు ప్రసిద్ధి. 1913లో వారికి రావు సాహెబు బిరుదమిచ్చారు.

ఈ సేవకు వారు చెల్లించిన మూల్యం ఒకటున్నది. మన్యపు జ్వరాలు వారిని పట్టుకొన్నవి. వాటికి మందుగా పుచ్చుకొన్న క్వినైను వల్ల వినికిడి పోయింది. మాటలలోని శబ్దాలను పట్టుకోవడమే జీవితకార్యంగా పెట్టుకొన్న మనిషికి చెవుడు వచ్చింది! మరొకరైతే పుస్తకం మూసి కూర్చుండేవారు. వారు మాత్రం పని ఆపలేదు. 1931లో మద్రాసు ప్రభుత్వంవారు వారి సవర వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు కోశాన్ని అచ్చువేశారు. ముండా కుటుంబానికి చెందిన ఒక భాషను శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో మన పర్లాకిమిడి పంతులుగారొకరు. ఆ విద్యను వారికి ఏ విశ్వవిద్యాలయమూ నేర్పలేదు. ధ్వని శాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని తమంత తామే నేర్చుకొన్నారు.

ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాము. 1907లో జె. ఎ. యేట్సు అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. బడులు తనిఖీ చేస్తుండగా ఆయనకు ఒక సందేహం కలిగింది. ఈ పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలోని తెలుగు మరొకటిగా ఉన్నదేమి? విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. ఈ ప్రశ్నకు సరియైన జవాబు గురజాడవారు, గిడుగువారు చెప్పగలరని అయ్యంగారు సెలవిచ్చారు. విజయనగరం బడిలోని ఆ పాత స్నేహితులిద్దరూ ఆ విధంగా ఒక మహోద్యమానికి నాయకులైనారు.

నేటి పిల్లలకు ఆ నాటి బాధ తెలియదు గనుక కొంచెం వివరిస్తాము. ఇంట్లో వస్తున్నాడు అని పలికే పిల్లవాడు బడిలో వచ్చుచున్నాడు అని వ్రాయాలి. వాళ్ళు అంటే తప్పు, వారలు అనాలి. ఎవరి నోటా పలకని అరసున్న ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో కంఠస్థం చేయాలి. నన్నయ తిక్కనలనాటి కావ్యాల భాషలో పదేండ్ల బాలుడు ఆవును గురించి వ్యాసం వ్రాయాలి. భావం ఉన్నా భాష రాక పిల్లవాడు నోరు మూసుకొనేవాడు. తన ఇంటి భాషయే తప్పుల కుప్ప అని వాడికి చిన్ననాడే నూరిపోసేవారు. కొండమీద సవర బాలుడికి పరాయి భాష వల్ల కలిగిన కష్టమే, పల్లంలో తెలుగు బాలుడికి తన సొంత భాష పేరుతో కలుగుతున్నదని రామమూర్తిగారు కనిపెట్టారు. సవరల దగ్గర నేర్చిన పాఠాన్ని ఆయన తెలుగువారికి చెప్పారు.

ఆయన ప్రాచీన కావ్యాలకు శత్రువని కొందరు ప్రచారం చేశారు. అది సరికాదు. పాత కావ్యాలను పిల్లలు చదవాలి, ఆనందించాలి; అయితే తాము వ్రాసేటప్పుడు మాత్రం చదువుకొన్న పెద్దలు నేడు మాట్లాడుకొనే భాషలో వ్రాయాలి. ఇదియే వారి సిద్ధాంతం.

ముప్పదేండ్ల ఉద్యోగం నిండగానే 1911లో వారు పదవి విరమించారు. అందరూ విశ్రాంతి తీసుకొనే వేళకు ఆయన అసలు పనిలో దిగారు. 1912–13 ప్రాంతంలో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని పాత భాషలోగాని, క్రొత్త భాషలోగాని వ్రాయవచ్చునని ఉత్తరువు వెలువడింది. క్రొత్త భాషకు మచ్చుగా బ్రౌను దొరగారి తెలుగు రీడరును, ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను ఆ ఉత్తరువులో చూపారు. ఈ సంగతిని ప్రవాసులమైన మనం గుర్తుంచుకోవాలి. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణంలో సుప్రీంకోర్టున దుబాసీగా ఉండిన తెలుగువారు. 1830–31లో కాశీకి వెళ్ళివచ్చి తాము మాట్లాడే తెలుగులోనే తమ ప్రయాణాన్ని వ్రాసుకొన్నారు. బడిపిల్లలకు ఆదర్శంగా నిలిపిన పుస్తకాలలో ఒకటి తమిళుల నడుమ బ్రతికిన తెలుగువారు వ్రాసినదన్నమాట. ఇతర భాషల మధ్య పెరిగిన తెలుగు తక్కువ తెలుగని ఎవరైనా అంటే ఈ ముక్క వారికి చెప్పవచ్చును.

ఉత్తరువుపై పెద్ద అలజడి రేగింది. జయంతి రామయ్య పంతులుగారు, వేదం వేంకటరాయ శాస్త్రిగారు మొదలైన మహాపండితులు దానిని ఎదిరించారు. వారూ భాషాభిమానులే, భాష చెడిపోతుందేమోనన్న భయంతోనే ఎదిరించారు. కొద్దికాలానికే ఆ అనుమతి రద్దయింది. 1915 నవంబరులో గురజాడవారు కన్నుమూశారు. చెవులు వినిపించని, ఏబదేండ్లు దాటిన పెన్షను పంతులుగారు ఒంటరివారైనారు.

ఆయన నిరుత్సాహపడలేదు. ఊరూరా తిరిగారు. సభలలో నిలబడి పుస్తకాలు తెరచి ఉదాహరణలు చూపారు. శాసనాలలోను, పాత వచన గ్రంథాలలోను, వ్యాఖ్యానాలలోను వాడుక రూపాలు ఎన్ని ఉన్నవో ఏరి చూపారు. గ్రాంథికం తప్ప మరొకటి పనికిరాదనేవారు సైతం ఆ గ్రాంథికాన్ని తప్పులు లేకుండా వ్రాయలేకపోతున్నారని వారి గ్రంథాలనుండే నిరూపించారు. పరీక్ష కాగితాలు దిద్ది దిద్ది అలవాటైన చెయ్యి గదా! 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినది. మొదట ఈ వాదాన్ని అంగీకరించని కందుకూరి వీరేశలింగం పంతులుగారే దానికి అధ్యక్షులు కావడం, గిడుగువారు కార్యదర్శి కావడం విశేషం. ఆ మే నెలలోనే వీరేశలింగంగారు పరమపదించారు. 1919–20లలో రామమూర్తిగారు తెలుగు అనే పేరుతో మాసపత్రిక నడిపారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలపాటు మాట్లాడి ప్రతిపక్షులను సైతం ఒప్పించారు. తరగతి గదిలో ముప్పదేండ్లు చేసిన సాధన ఆ నాలుగు గంటలలో ఫలించింది.

గురువు గొప్పతనం శిష్యులలో కనబడుతుంది. పర్లాకిమిడిలో ఆయన వద్ద చదివినవారిలో తాపీ ధర్మారావుగారొకరు. వీరు పుట్టినది బరంపురంలో. అదియూ నేడు ఒడిశాలోనిదే. వీరి సంపాదకత్వంలో జనవాణి పత్రిక వార్తలనూ సంపాదకీయాలనూ వాడుక భాషలోనే ప్రకటించి, పత్రికలకు దారి చూపింది. గురువు బడిలో చెప్పిన పాఠం శిష్యుని చేతిమీదుగా పాఠకుల ఇండ్లకు చేరినది. పంతులుగారి పెద్ద కుమారుడు గిడుగు వెంకట సీతాపతిగారు సవర భాషలోను, తెలుగు సాహిత్యంలోను తండ్రి కృషిని కొనసాగించారు. 1933లో రామమూర్తిగారికి డెబ్బదేండ్లు నిండిన సందర్భంలో శిష్యులు, అభిమానులు రాజమహేంద్రవరంలో ఉత్సవం జరిపి, పరిశోధక వ్యాసాల సంపుటమొకటి సమర్పించారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించింది.

ఇక వారి జీవితంలో మనకు దగ్గరగా తగిలే ఘట్టం 1936 నాటిది. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినది. పర్లాకిమిడి రాజావారు కృష్ణచంద్ర గజపతిగారు ఆ రాష్ట్ర నిర్మాణానికి కృషిచేసిన ప్రముఖులు. ఒడియా ప్రజలు తమ భాషకు ఒక రాష్ట్రం కోరడం న్యాయమే. అయితే పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్నందున దానిని ఒరిస్సాలో చేర్చరాదని రామమూర్తిగారు వాదించారు. రాజావారి బడిలో ముప్పదేండ్లు పనిచేసిన పంతులుగారు రాజావారి అభిమతానికి ఎదురుగా నిలిచారు. వారి మాట చెల్లలేదు. క్రొత్త రాష్ట్రం వచ్చిన రోజుననే ఏబదియారేండ్ల అనుబంధం గల ఊరు విడిచి, డెబ్బదిమూడవ ఏట రాజమహేంద్రవరం చేరుకొన్నారు.

ఆయన వెళ్ళిపోయారు. అక్కడి తెలుగు కుటుంబాలు ఎన్నో వెళ్ళలేదు. ఇల్లూ వాకిలీ, పొలమూ పుట్రా, వ్యాపారమూ ఉద్యోగమూ ఉన్నచోటనే ఉండిపోయినారు. గీత వారి ఊరిని దాటింది గాని వారు గీతను దాటలేదు. పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ప్రాంతాలలోని తెలుగువారి కథ ఇదే. హోసూరు, బళ్ళారి మొదలైనచోట్ల తెలుగు కుటుంబాలకూ ఇటువంటి కథలే ఉన్నవి. గిడుగువారి ఆవేదన మనకు అర్థమవుతుంది. ఉండిపోయినవారి నిర్ణయమూ మనకు అర్థమవుతుంది. ఊరు విడవకుండా భాషను నిలుపుకోవడం ఎట్లాగన్నది వారికి మిగిలిన ప్రశ్న. అదే మన ప్రశ్న కూడా. జవాబు గిడుగువారు ఊరు విడిచిన దినంలో కాక, అంతకు ముందు ఆ బడిలో గడపిన ముప్పదేండ్లలో దొరుకుతుంది.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకుల ఎదుట ఆయన తమ చివరి విన్నపం చేశారు. ప్రజల భాషను ఆదరించవలసినదని కోరారు. వారం తిరగగానే జనవరి 22న కన్నుమూశారు. పాఠ్యపుస్తకాలలోను, పరీక్షలలోను వాడుక భాష పూర్తిగా స్థిరపడడానికి ఆ తరువాత ఇంకా చాలా ఏండ్లు పట్టింది. విత్తినవారు పంట చూడలేదు. మనం ఆ పంట తింటున్నాము. ఈ వ్యాసాన్ని మీరు నిఘంటువు లేకుండా చదవగలగడం ఆ పంటలోని గింజయే.

ఈ కథనుంచి మన సంఘాలు, మన బడులు నేర్చుకోవలసినవి మూడు కనిపిస్తున్నవి.

మొదటిది, పిల్లల నోటి భాషను గౌరవించడం. మన పిల్లల తెలుగులో ఒకచోట ఒడియా, ఒకచోట కన్నడం, మరొకచోట తమిళం, మరాఠీ కలిసి ఉంటవి. యానాంలో పెద్దల మాటలలో ఫ్రెంచి ముక్కలు దొర్లుతవి. సెలవులకు విజయవాడో హైదరాబాదో వెళ్ళినప్పుడు చుట్టాల పిల్లలు ఇదేమి తెలుగని నవ్వితే మన పిల్లవాడు మరునాటినుంచి తెలుగే మానివేస్తాడు. గిడుగువారుంటే ఆ పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని ఆ మాటలను శ్రద్ధగా విని కాగితంమీద వ్రాసుకొనేవారు. వాడికి వచ్చిన తెలుగుతో మొదలుపెట్టి రావలసిన తెలుగుకు నడిపించడమే పంతులు పని, తల్లిదండ్రుల పని కూడా.

రెండవది, పక్కవాని భాషను గౌరవించడం. తనకు కోరిన న్యాయాన్ని ముందుగా సవరలకు చేసి చూపినవారు గిడుగువారు. మనం ఏ రాష్ట్రంలో ఉన్నామో ఆ రాష్ట్ర భాషను మన పిల్లలు చక్కగా నేర్వాలి. అందువల్ల తెలుగుకు నష్టం లేదు. ఇరుగుపొరుగు భాషను ప్రేమించేవాడు తన భాషకోసం అడిగినప్పుడు ఆ మాటకు బలముంటుంది.

మూడవది, దీర్ఘకాలం సేవచేసే అధ్యాపకులను నిలుపుకోవడం. తెలుగు పంతులు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోవడం, పిల్లలు తక్కువయ్యారని తెలుగు తరగతి ఎత్తివేయడం మన ఊళ్ళలో చూస్తున్నాము. శాలువ కప్పడంతో మన బాధ్యత తీరదు. పిల్లలను ఆ తరగతిలో చేర్చాలి. ఆ కుర్చీలోకి మరొకరు వచ్చేదాకా అధికారుల వెంటబడాలి. అధికారులు ఆలస్యం చేస్తే, చదువుకొన్న యువతీయువకులు ఆదివారంనాడు ఒక గంట సంఘ మందిరంలో అక్షరాలు దిద్దించవచ్చును. పదిహేడేండ్లకే పంతులైన కుర్రవాడి కథ ఇది. వయస్సు చాలలేదనుకోనక్కరలేదు.

విద్యార్థి నాయకులకు ఒక్క మాట. మార్కులలో ముందుండడం మంచిదే. మీ తరగతిలో భాష రాక వెనుక బెంచీమీద మౌనంగా కూర్చున్న పిల్లవాడొకడు తప్పక ఉంటాడు. వాడు తెలుగువాడే కానక్కరలేదు. వాడితో వాడి భాషలో నాలుగు మాటలు మాట్లాడి ముందు వరుసకు తీసుకొనిరండి. పర్లాకిమిడి పంతులుగారు జీవితమంతా చేసిన పని అదే.

నూతన సంవత్సరం మన బిడ్డలకు విద్యను, మన అయ్యవార్లకు ఆయురారోగ్యాలను, మన ఇండ్లలో తెలుగు మాటకు చిరాయువును ప్రసాదించుగాక!